పీట మీది ఇనప మనిషి

పోయిన నెలలో మా కోడలు తన ఫోను నా చేతికిచ్చి, "అత్తయ్యగారూ, మీరెప్పుడూ చెప్పే ఇనప మనుషుల బొమ్మల కథ ఇదేనేమో చూడండి" అంది. తాడేపల్లిగూడెంలో మా ఇంటి వెనక వరండాలో కూర్చుని, కళ్లజోడు సరిచేసుకుని చూశాను. అదే. ఇంగ్లండులో ఎవరో పాత పిల్లల పత్రికలు దాచుకున్న మనిషి, ప్రతి పేజీకీ ఫొటో తీసి అందరూ చూసేలా పెట్టాడట. నేను చదివిన పేజీలు దాటుకుంటూ, చిన్నప్పుడు నాకు దొరకని చివరి భాగం దాకా వెళ్లి చదివాను. సముద్రపు గోడ మీద కాపలా ఉన్న పెద్ద రోబో కీళ్లలోకి ఉప్పునీళ్లు దిగి, తుప్పు పట్టి, నిలబడ్డచోటే ఆగిపోతుంది. జనం దాని పక్కనుంచి నడుచుకుంటూ బయటపడతారు. అంతే. ఎవరూ దానికి నచ్చజెప్పలేదు, అదీ మనసు మార్చుకోలేదు. ఇన్నేళ్లుగా నేను మనసులో అల్లుకున్న ముగింపులే దీనికంటే బాగున్నాయనిపించి ఫోను తిరిగి ఇచ్చేశాను. కానీ ఆ బొమ్మలు చూసినప్పటినుంచి కొల్లేటి నీళ్ల వాసన ముక్కును వదలడం లేదు. ఆ దసరా గురించి రాస్తే తప్ప వదిలేలా లేదు.

నేను ఎనిమిదో తరగతి దాటలేదు. అమ్మకు ఉబ్బసం ముదిరి ఇంటి పొయ్యి నా చేతికొచ్చింది. ఏలూరులో కాలవకు దగ్గరగా మాది రెండు గదుల అద్దె ఇల్లు. నాన్న బియ్యం కొట్లో కాటా దగ్గర గుమాస్తా. తెల్లారేసరికి ఊకపొయ్యి కూరి వెలిగించడం, నాన్న క్యారేజీ కట్టడం, అమ్మకు వేణ్ణీళ్లు కాచడం, గిన్నెలు తోమడం అయ్యేసరికి ఒంటిగంట దాటేది. అన్నం తిని అమ్మ కాస్త కునుకు తీసే వేళ నాకు సెలవు. ఆ వేళ శాఖా గ్రంథాలయానికి పోయేదాన్ని. నా చదువంతా అక్కడిదే, ఆ మాట చెప్పుకోవడానికి నాకిప్పటికీ గర్వమే. నవలల బీరువా అయ్యాక యాత్రల బీరువా, అదీ అయ్యాక ఆరోగ్యం, ఖగోళం, చివరికి పశువైద్యం కూడా చదివాను. గేదెకు పొదుగువాపు వస్తే ఏం చేయాలో మా వీధిలో గేదె లేకపోయినా నాకు తెలుసు. ఎవరూ చెప్పని చదువుకు ఒక గుణం ఉంటుంది, ఏది అక్కర్లేదో చెప్పేవాళ్లు ఉండరు.

గ్రంథాలయం చూసుకునే ఆయన ఖాదర్ గారు. సన్నగా పొడుగ్గా ఉండేవారు, చొక్కా బొత్తాలు మెడ దాకా పెట్టుకునేవారు. గొంతు ఎప్పుడూ పెద్దది చేసేవారు కాదు. పొద్దున తలుపు తీయగానే గుడ్డతో ఒక్కో పుస్తకం వీపు తుడిచేవారు. బీరువా మూలల్లో ఎండిన వేపాకు వేసేవారు. వాన రోజుల్లో మైదా జిగురు కాచి, పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలిపి, చిరిగిన పేజీలు అతికేవారు. ఆ జిగురు వాసన, వేపాకు వాసన, తడి గొడుగుల వాసన కలిస్తే నాకు చదువు వాసన. ఆయనది తాత్కాలికపు ఉద్యోగం. ఏళ్లుగా పర్మనెంటు అవుతుందని ఎదురుచూస్తున్నారు. ఆ ఏడు కాగితాలు కదిలాయని, పుస్తకాల తనిఖీలో తేడా రాకపోతే ఖాయమని, తేడా వస్తే ఉన్నది కూడా పోతుందని రీడింగు రూములో పేపరు చదివే పెద్దలు అనుకుంటుంటే విన్నాను. ఆయన మాత్రం ఆ సంగతి ఎత్తేవారు కాదు.

బొమ్మల పత్రిక మా గ్రంథాలయానికి ఎలా వచ్చిందంటే, ఊళ్లో ఉండి వెళ్లిపోయిన ఒక దొరల కుటుంబం పెట్టెడు పుస్తకాలు ఇచ్చి పోయింది. అందులో వారపత్రికలు కొన్ని వరసగా కలిపి, ఎర్ర క్యాలికో అట్ట వేసి కుట్టిన పెద్ద సంపుటం ఉంది. దాన్ని రిఫరెన్సు బీరువాలో పెట్టారు, అంటే అక్కడే కూర్చుని చదవాలి, ఇంటికి ఇవ్వరు. పశువైద్యం అయ్యాక నా కన్ను దాని మీద పడింది. ఇంగ్లీషు నాకు బళ్లో వచ్చింది అంతంతమాత్రం. అయితే బొమ్మల మీది బుడగల్లో మాటలన్నీ పెద్ద అక్షరాల్లోనే ఉండేవి. పక్కన నిఘంటువు తెరుచుకుని, పదానికో వేలు పెట్టుకుని చదివేదాన్ని. నాకు చిన్న అక్షరాల ఇంగ్లీషు కంటే పెద్ద అక్షరాల ఇంగ్లీషు ముందు రావడానికి కారణం ఇదే.

కథ చెప్తాను. సముద్రాన్ని వెనక్కి తోసి కట్టిన ఒక దేశం. దాని చుట్టూ గోడ. గోడ కట్టినవి, కాపాడేవి ఇనప మనుషులు. రైసుమిల్లు బాయిలరుకు కాళ్లూ చేతులూ పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటాయి, ఒళ్లంతా రివెట్లు, ముఖం బదులు ఒక దీపం. వాటిలో అన్నిటికంటే పెద్దదాన్ని నేను కాపలాదారు అని పిలుచుకునేదాన్ని. దాన్ని చేసిన శాస్త్రజ్ఞుడు ఒకే ఒక ఆజ్ఞ ఇచ్చి చనిపోయాడు, గోడ తలుపు ఎవరికీ తీయవద్దు అని. ఇప్పుడు గోడకు లోపలే ఊట పుట్టి నీళ్లు పైకొస్తున్నాయి. జనం తలుపు దగ్గర మూగి బతిమాలుతున్నారు. కాపలాదారు తీయదు. ప్రతి వారపు భాగమూ నీళ్లు ఇంకాస్త పైకి రావడంతో ఆగిపోయేది. ముందు మోకాళ్ల దాకా, తర్వాత నడుము దాకా. ఆ తెల్లవాళ్ల ముఖాలు, తడిసిన కోట్లు, చంకలో పిల్లలు, అన్నీ సన్నని నల్లగీతలతో ఎంత దగ్గరగా వేశాడంటే, ఆ బొమ్మ గీసినాయన ఎప్పుడైనా కొల్లేరు వరదలో చిక్కుకున్నాడేమో అనుకునేదాన్ని.

దసరా సెలవులకు నేను కొల్లేటి లంకలో మా మామ్మ దగ్గరికి వెళ్లాలి. కథ మంచి పట్టులో ఉంది. ఖాదర్ గారిని అడగలేదు, అడిగే ధైర్యం లేదు. బీరువా అద్దం దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాను. ఆయన కాసేపటికి వచ్చి తాళం తీసి, సంపుటాన్ని పాత పేపర్లో చుట్టి, పురికొస కట్టి ఇచ్చారు. "సెలవులవ్వగానే తెచ్చెయ్యాలమ్మా. నీళ్ల దగ్గర జాగ్రత్త" అన్నారు. అంతకు ముందుగానీ తర్వాతగానీ ఆయన నియమం తప్పగా నేను చూడలేదు.

మామ్మ ఇల్లు లంకలో మట్టిదిబ్బ మీద పెంకుటిల్లు. ఏలూరు నుంచి బస్సులో వచ్చి రోడ్డు మీద దిగితే, అక్కడినుంచి పడవే. మా బాబాయికి పడవ ఉంది, చేపలు రోడ్డుకు చేర్చేవాడు. ఆ ఏడు వాయుగుండం పట్టింది. పైనుంచి ఏరులన్నీ పొంగి కొల్లేట్లో పడుతున్నాయి. మామ్మ పొద్దున లేవగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చేది, మర్నాడు ఆ పుల్ల ఎక్కడుందో చూసుకునేది. పుల్ల మునిగితే ఇంకో పుల్ల, ఇంకాస్త పైన. గేదెలు దిబ్బ మీదికి వచ్చేశాయి. ఎండు చేపల వాసన, తడిసిన గడ్డి వాసన, పొగ ఆరని పొయ్యి వాసన. ఇంట్లో అందరూ తగ్గు గొంతుతో మాట్లాడుకునేవారు, గట్టిగా మాట్లాడితే నీళ్లు వింటాయేమో అన్నట్టు.

మూలా నక్షత్రం రోజు మామ్మ సరస్వతీ పూజ చేసింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. అందుకేనేమో, ఆ ఒక్క పూజ మాత్రం ఏ ఏడూ మానేది కాదు. ఇంట్లో అచ్చు ఉన్న ప్రతిదీ పీట ఎక్కాలి. బాబాయి కూతురి వాచకం, పలక, పంచాంగం, చివరికి పడవ లైసెన్సు పుస్తకం కూడా. నేను గేదెల దగ్గర పని చూసుకుని వచ్చేసరికి, పీట మీద అన్నిటికీ అడుగున, నా ఎర్ర సంపుటం ఉంది. పేపరు విప్పేసి, అట్ట నాలుగు మూలలా పసుపు, నడుమ పెద్ద కుంకుమ బొట్టు పెట్టింది. లోపల మొదటి పేజీలో నుంచుని ఉన్న కాపలాదారు బొమ్మ నుదుటి మీద కూడా, అంటే దీపం ఉన్న చోట, ఇంకో బొట్టు పెట్టానంది. అది గ్రంథాలయానిదని చెప్పబోయాను. మామ్మ మాత్రం సంతోషంగా ఉంది. "ఒసే వరం, ఎంత లావు పుస్తకమే. ఇంత చదువు మన గడపలోకి ఎన్నడూ రాలేదు" అంది.

పూజలో పెట్టిన పుస్తకాన్ని విజయదశమి దాకా తీయకూడదు, చదవకూడదు. దశమి నాడు ఉద్వాసన చెప్పాకే తెరవాలి. మా వైపు పిల్లలందరికీ అది సంబరమే, చదవక్కర్లేని రోజులు. మా ఇంట్లో మాత్రం ఆ నియమానికి వేరే బరువు ఉంది. మా పెదనాన్న, మామ్మ పెద్ద కొడుకు, ఒక దసరాకి ఏలూరులో ఏదో పరీక్ష ఉందని తల్లి వద్దంటున్నా పీట మీదినుంచి తన పుస్తకం తీసుకుని పడవెక్కాడు. గాలికి పడవ బోల్తా కొట్టింది. ఆయన తర్వాత తూడుకాడల మధ్య దొరికాడు. ఈ సంగతి నాకు అమ్మ చెప్పింది. మామ్మ ఎప్పుడూ చెప్పలేదు, ఆమె ముందు ఎవరూ ఎత్తలేదు. దశమికి పుస్తకం ఎలాగూ దిగుతుంది, పసుపు నెమ్మదిగా తుడిచేయొచ్చు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం రోడ్డు వైపు నుంచి బాబాయి పడవ వచ్చింది. అందులో గొడుగు పట్టుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ఖాదర్ గారు. ఆయన్ని గ్రంథాలయం బయట నేను ఎన్నడూ చూడలేదు. దూరం నుంచి గుర్తుపట్టగానే ఎందుకొచ్చారో తెలిసిపోయింది. గ్రంథాలయాలకు సెలవులు ఇచ్చేలోపే తనిఖీ ముగించాలని పై ఆఫీసు అనుకుందట. మర్నాడు పొద్దునే ఆఫీసరు వస్తున్నాడని ఆయనకు ఆ ఉదయమే తెలిసింది. మా నాన్న దగ్గర అడ్రసు తీసుకుని బస్సెక్కారు.

ఆయన అరుగు మీద చివరగా కూర్చున్నారు. పిన్ని మజ్జిగ ఇచ్చింది. నేను పూజ గది వైపు చూపించాను. ఆయన గడప బయటే నిలబడి లోపలికి చూశారు. పసుపు పూసిన ఎర్ర అట్ట, మీద వాచకం, పలక, పూలు, దీపం. ఆయన ముఖంలో నెత్తురు తగ్గడం నేను చూశాను. అయినా వచ్చి మళ్లీ అరుగు మీదే కూర్చుని, మజ్జిగ తాగారు. మామ్మకు సంగతంతా నేనే చెప్పాను. ఆమె విని, "దశమి ఎల్లుండేగా. ఎల్లుండి తీసుకుపోండి బాబూ" అంది.

"ఎల్లుండికి పని ఉండదండీ" అన్నారు ఖాదర్ గారు. కోపం లేదు ఆ మాటలో, ఉన్నమాట చెప్పినట్టు.

"పుస్తకం ఒకటి లేకపోతే ఉద్యోగం తీసేస్తారా అండీ?"

"అది ఇంటికి ఇవ్వకూడని పుస్తకమండి అమ్మగారూ. ఇచ్చింది నేను."

బాబాయి పడవ తాడు చేత్తో పట్టుకుని నిలబడే ఉన్నాడు. గాలి తూర్పుకు తిరుగుతోందని, చీకటి పడేలోపు రోడ్డు చేరాలంటే ఇప్పుడే ఎక్కాలని అన్నాడు. మామ్మ బాబాయి వైపు చూసిన చూపు నాకు అర్థమైంది. పుస్తకం పీట దిగితే, దాన్ని మోసుకుని ఆ నీళ్లమీద వెళ్లాల్సింది ఆమె దగ్గర మిగిలిన కొడుకు. "అది తియ్యను" అంది. ఖాదర్ గారు లేచి గొడుగు తీసుకున్నారు. పూజలో ఉన్నదాన్ని తీయమని తాను అడగలేనని, తన ఇంట్లో అయితే తానూ తీయనిచ్చేవాడు కాదని, శ్రమ ఇచ్చానని అన్నారు. మెట్లు దిగబోతూ నా తల మీద చెయ్యి పెట్టి, ఏడవొద్దమ్మా అన్నారు. నేను ఏడుస్తున్నట్టు అప్పటిదాకా నాకు తెలియదు. నాకు మామ్మ మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. నీళ్లు నడుము దాకా వస్తున్నా తలుపు తీయని ఆ ఇనప మనిషిలా, ముఖంలో ఒక దీపం తప్ప ఏమీ లేనిదానిలా కనిపించింది.

మామ్మ లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. ఖాదర్ గారు పడవ ఎక్కి కూర్చున్నారు. బాబాయి గెడ తీశాడు. అప్పుడు తలుపు తెరుచుకుంది. మామ్మ పీటను పీటలాగే, పుస్తకాలు, పలక, పూలు, పసుపు వినాయకుడితో సహా, రెండు చేతులతో గుండెకానించుకుని బయటికి వచ్చింది. దీపం ఆర్పలేదు, గాలికి గడప దగ్గరే కొండెక్కింది. అది చూసి ఒక్క క్షణం ఆగింది గానీ వెనక్కి తిరగలేదు.

"పుస్తకం పీట దిగకూడదు అంతే. పీట ఇల్లు కదలకూడదని నాకెవరూ చెప్పలేదు" అంది. పిన్ని నోరు తెరిచి ఏదో అనబోతే, "బెజవాడలో అమ్మవారు తెప్ప ఎక్కటంలా? ఈవిడ కొల్లేట్లో ఎక్కుద్ది. జరగండి" అని పడవలోకి అడుగు పెట్టింది. నన్నూ రమ్మంది.

ఆ ప్రయాణం గురించి రాయడం నాకు తేలిక కాదు. నీటి మీద వాన పడుతుంటే ఎటు చూసినా ఒకే బూడిదరంగు, గట్టు ఎక్కడో నీరు ఎక్కడో తెలియదు. మామ్మ పడవ నడుమ కాళ్లు ముడుచుకుని, పీట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఖాదర్ గారు తన గొడుగును పీట మీద పట్టారు, తను పూర్తిగా తడుస్తూ, పీటకు చెయ్యి తగలకుండా జానెడు దూరంలో. నేను డబ్బాతో నీళ్లు తోడుతున్నాను. సగం దాటాక గాలికి కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క ఒక్కసారిగా పడవను చుట్టేసింది. బాబాయి గెడ వేస్తే దిగదు, తీస్తే రాదు. పడవ పక్కకు తిరిగి అలకు అడ్డం పడింది. నీళ్లు అంచు దాటి లోపలికి వచ్చాయి. నేను డబ్బా వదిలేసి మామ్మను పట్టుకున్నాను. ఆమె నన్ను చూడలేదు. ఎడమవైపు కిక్కిస పొదల వైపు చూస్తోంది, కళ్లు ఆర్పకుండా. పెదనాన్న దొరికిన చోటు అటే. ఖాదర్ గారు గొడుగు నా చేతికిచ్చి, బట్టలతోనే నీళ్లలోకి దిగారు. ఛాతీ దాకా వచ్చింది. రెండు చేతులా ఆ కాడలు తెంపి తోస్తూ, అంగుళం అంగుళం దారి చేశారు. ఈత వచ్చా అని బాబాయి అరిచాడు. రాదండి అన్నారాయన.

"ఎక్కండి మేష్టారూ. ఎక్కండి బాబూ, చాలు" అని మామ్మ అంటూనే ఉంది, ఆయన ఎక్కేదాకా. రోడ్డు కనిపించేసరికి సందెవేళ అయింది. బాబాయిని వెనక్కి వెళ్లనివ్వలేదు ఆమె. పడవ చెట్టుకు కట్టించి, రోడ్డు మీద తెలిసినవాళ్ల ఇంట్లో ఉండమంది. బస్సులో కండక్టరు పీట చూసి ముందు సీటు ఖాళీ చేయించి, టిక్కెట్టు మనుషులకే కొట్టాడు.

మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి మేం గ్రంథాలయంలో ఉన్నాం. పీట రీడింగు టేబులు మీద పెట్టి, మామ్మ పక్కన నేలమీద కూర్చుంది. ఆఫీసరు వయసులో ఖాదర్ గారికంటే చిన్న. వచ్చీ రాగానే పీట చూసి, దసరా కదా అని ఊరుకున్నట్టున్నాడు. బీరువా తర్వాత బీరువా నంబర్లు పిలుస్తూ పోయాడు. ఖాదర్ గారు ఒక్కో పుస్తకం తీసి చూపించి మళ్లీ పెడుతున్నారు. రిఫరెన్సు బీరువా దగ్గరికి వచ్చాడు. నంబరు పిలిచాడు. ఖాదర్ గారు టేబులు వైపు చూపించి, "అదిగోనండి, పీట మీద" అన్నారు.

ఆఫీసరు దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. "ముట్టుకోకండి బాబూ, దశమి దాకా ఆవిడదండి" అంది మామ్మ. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, మెడ వంచి, పసుపు మరకల మధ్య అట్ట వీపు మీది నంబరు చదువుకున్నాడు. సరిపోయింది. అంతటితో ఆగిపోతే బాగుండు అనుకున్నాను. ఆగలేదు. రిఫరెన్సు పుస్తకం పూజలోకి ఎలా వెళ్లిందని అడిగాడు. మామ్మ, గ్రంథాలయంలోనే పూజ చేశామని చెప్పబోయింది, ఆమె నోట అబద్ధం నేను వినడం అదే మొదటిసారి. అది పూర్తి కాకుండానే ఖాదర్ గారు, "నేనే ఇంటికి ఇచ్చానండి. ఇవ్వకూడదు. ఇచ్చాను" అన్నారు.

ఆఫీసరు తన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "అడగ్గానే చెప్పేస్తారేంటండీ" అన్నాడు. చికాకో జాలో, రెండూనో. ఏం రాసుకున్నాడో మాకు చూపలేదు. వెళ్తూ చెప్పులు వేసుకునేటప్పుడు, అవి ఎప్పుడు విడిచాడో నేను గమనించనే లేదని తెలిసింది.

వచ్చిన పుస్తకం వచ్చిన చోటే ఉండాలని, మళ్లీ నీళ్ల మీదికి తీసుకువెళ్లనని మామ్మ పీటను అక్కడే ఉంచేసింది. గ్రంథాలయానికి ఎలాగూ సెలవు. ఖాదర్ గారు తాళం చెవి మాకిచ్చారు. ఆ సాయంత్రం వెళ్లి దీపం పెట్టింది మామ్మ. దశమి పొద్దున ఆయన కూడా వచ్చి గుమ్మం పక్కన బల్ల మీద కూర్చున్నారు. ఉద్వాసన చెప్పాక ఏదో ఒక పుస్తకం తెరిచి నాలుగు మాటలు చదవాలి, అది ఆచారం. మామ్మ పెద్ద పుస్తకమే చదవమంది. నేను సంపుటం తెరిచి, ఒక్కో గడి మీద వేలు పెట్టి, ఇంగ్లీషు మనసులో చదువుకుని తెలుగులో చెప్పాను. గోడ, తలుపు, నీళ్లు, బతిమాలే జనం. మామ్మ బొమ్మలకు కళ్లు దగ్గర పెట్టి చూసింది.

"ఈ ఇనప మనిషిని అలా నుంచోమని ఎవరు చెప్పారే?"

"దాన్ని చేసినాయన, మామ్మా."

"ఆయనేడీ?"

"చచ్చిపోయాడు."

మామ్మ ఆ బొమ్మ మీద చెయ్యి పెట్టింది. బొట్టు ఎండి రాలుతోంది. "మరి చెప్పినవాడే లేకపోతే, ఇంక దిగమని దానికెవరు చెప్తారు? పాపం" అంది.  ఆ పాపం అన్న మాట విన్నాకే, మొన్న అరుగు మీద నేను ఆమెను దేనితో పోల్చానో గుర్తొచ్చి తల వంచుకున్నాను. కాపలాదారుకు తెలియనిది మామ్మకు తెలుసు. నీళ్లు ఎంత లోతో తెలుసు, అందులో ఎవరు పోయారో తెలుసు. తెలిసి దిగింది.

ఖాదర్ గారి ఉద్యోగం నిలిచింది. పర్మనెంటు ఆర్డరు వచ్చింది, దాంతోపాటే కామవరపుకోటకు బదిలీ కూడా. శిక్షో, ఎక్కడ ఖాళీ ఉందో అక్కడికో, ఎవరూ చెప్పలేదు. పుట్టి పెరిగిన ఊరు వదిలి, సామాను బండికెత్తించి వెళ్లిపోయారు. వెళ్లేముందు కొత్తాయనకు నన్ను చూపించి, ఈ అమ్మాయి రోజూ వస్తుంది, నిఘంటువు కింద అరలో పెట్టండి, అందుతుంది, అని మాత్రం చెప్పారు.

ఇప్పుడు కొల్లేటి లంకలకు రోడ్లు పడ్డాయి. గణపవరం వైపు వెళ్తే ఒకప్పుడు వరి ఉన్నచోట చేపల చెరువులు. ఇప్పుడు అన్నీ దొరుకుతాయి. మిగిలిపోయిన కథంతా ఒక్క పూటలో చదివేశాను, ఒళ్లో అన్నం గిన్నె పెట్టుకుని. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి ఉద్యోగమూ పోదు. ఇది మంచిదే. గూడెంలో మా వీధి ఆడపిల్లలు ఎనిమిదితో ఆగడం లేదు, అదీ మంచిదే. నేను పాతదాన్ని పొగడటానికి రాయడం లేదు. ఆ పాతలో మా పెదనాన్న నీళ్లలో పోయాడు. కానీ ఒక పుస్తకం నా చేతికి రావడానికి ఒక మనిషి తన బతుకును ఒడ్డాడని, దాన్ని తిరిగి చేర్చడానికి అక్షరం రాని ఇంకో మనిషి తన భయాన్నంతా ఒళ్లో పెట్టుకుని పడవెక్కిందని తెలిసి చదివిన చదువు వేరు. అది పేజీకొకసారి గుర్తొస్తుంది, తొందరపడనివ్వదు.

మరుసటి దసరాకి కూడా లంకకు వెళ్లాను. నీళ్లు ఆ ఏడు మెట్ల దిగువనే ఉన్నాయి. మూలా నక్షత్రం నాడు మామ్మ పీట కడిగి ముగ్గు వేసి, వాచకం, పలక, పంచాంగం పెట్టింది. నేను తెచ్చుకున్న గ్రంథాలయం పుస్తకం నేనే తీసుకెళ్లి ఆమెకు ఇచ్చాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చేతికి అంటిన పసుపు అంటకుండా కొంగుతో పట్టుకుని, తిరిగి నా చేతిలోనే పెట్టింది.

"నువ్వు చదువుకో. ఆవిడకి నేను చెప్పుకుంటాలే."